వెనుక బెంచీలో మన జిల్లా మనిషి: కీ.శే. బద్దం ఎల్లారెడ్డి గారు

ప్రతి ఏటా సంఘం సంచికలో ఒక పెద్దమనిషి జీవిత విశేషాలు వేసుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి మేము ఎన్నుకున్నవారు మంత్రి కారు, గవర్నరూ కారు. ఢిల్లీలో రెండు సభల్లోనూ సభ్యులుగా ఉండి కూడా ప్రతిపక్షపు బెంచీ దాటి ఇవతలికి రానివారు. సిరిసిల్ల ప్రాంతపు గాలిపెల్లి గ్రామంలో పుట్టిన కీర్తిశేషులు శ్రీ బద్దం ఎల్లారెడ్డి గారు. ఆయన మన వాళ్ళు కారు గదా, మన సంచికలో ఎందుకని కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. చివరిదాకా చదివితే జవాబు దొరుకుతుందని మా నమ్మకం.

ఎల్లారెడ్డి గారు 1906లో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. అప్పుడు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ నిజాం సంస్థానంలో కరీంనగర్ జిల్లా కింద ఉండేవి. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. ఊళ్ళో దొర మాటే చట్టం. వెట్టి చేయనని అన్నవాడికి ఊళ్ళో బతుకు లేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరుగుతుంటే హైదరాబాదు నుండి కాకినాడ దాకా వెళ్ళి పాల్గొన్న యువకుల్లో రావి నారాయణరెడ్డి గారితో పాటు ఎల్లారెడ్డి గారు కూడా ఉన్నారు. సంస్థానం దాటి బ్రిటిషు ఇలాకాకు పోయి సత్యాగ్రహం చేయడమంటే ఆ రోజుల్లో చిన్న మాట కాదు.

తర్వాత ఆంధ్ర మహాసభ వచ్చింది. 1935లో ఆ మహాసభ మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన జరిగిందన్న సంగతి ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. మొదట్లో విన్నపాలు, తీర్మానాలతో నడిచిన ఆ సభ, 1940 తర్వాత రావి నారాయణరెడ్డి, ఎల్లారెడ్డి వంటివారి చేతుల్లో రైతుకూలీల సభగా మారింది. 1940లోనే విసునూరు దొరతో భూమి కోసం కోర్టులో కొట్లాడి గెలిచిన షేక్ బందగీ హత్యకు గురయ్యాడు. అటు దొర హిందువు, ఇటు రైతు ముస్లిం. కాని తగాదా మతానిది కాదు, భూమిది. ఆ ముక్క ఎల్లారెడ్డి గారి తరానికి బాగా తెలుసు.

1947 సెప్టెంబరు 11న తెలంగాణ రైతాంగాన్ని ఆయుధాలు పట్టమని పిలుపునిచ్చిన ప్రకటన మీద మూడు పేర్లున్నవి. ఒకరు రావి నారాయణరెడ్డి, ఇంకొకరు బద్దం ఎల్లారెడ్డి, మూడవవారు మన మఖ్దూం మొహియుద్దీన్ సాహెబ్. నిజాం పాలన ముస్లిం పాలన, దాన్ని ఎదిరించేవాళ్ళంతా ముస్లింలకు శత్రువులని ఒక పక్క ప్రచారం సాగుతున్న రోజులవి. ఆ కాగితం మీద ఉర్దూ మహాకవి పేరు, గాలిపెల్లి రైతుబిడ్డ పేరు పక్కపక్కన ఉండడం ఆ ప్రచారానికి మంచి జవాబు. 1948లో రెండు వైపులా ఇళ్ళు పాడైనవి. మా పెద్దలు ఆ ఏడాది మాట ఎత్తడానికే ఇష్టపడేవారు కాదు. అందుకే ఆ మూడు పేర్లను మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మన మీద ఉన్నది.

1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు. కొద్ది నెలలకే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో వారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. కరీంనగర్ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. 1952లో అక్కడి నుండి ఎల్లారెడ్డి గారు ఫ్రంట్ తరఫున, శ్రీ ఎం.ఆర్. కృష్ణ గారు షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున గెలిచారు. నల్గొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూగారి కంటే ఎక్కువ ఓట్లు వచ్చినవి. ఆ విధంగా నిన్నటిదాకా అడవుల్లో, అజ్ఞాతంలో ఉన్న ఉద్యమం నేడు పార్లమెంటు మెట్లెక్కింది. మొన్నటి తుపాకి మాట పక్కన పెట్టి, స్పీకరు అనుమతి తీసుకొని లేచి మాట్లాడడం నేర్చుకోవడం సులభమైన పని కాదు. ఎల్లారెడ్డి గారి జీవితంలో మాకు అన్నిటికంటే పెద్దగా తోచేది ఈ మలుపే.

ఇంతకూ వెనుక బెంచీ సభ్యుడు సభలో ఏం చేయగలడు? కుర్చీ లేదు, కారు లేదు, సంతకంతో పని చేయించే అధికారమూ లేదు. 1954 చట్టం ప్రకారం సభ్యునికి నెలకు నాలుగు వందల రూపాయల జీతం, సభ నడిచిన రోజుకు ఇరవై ఒక్క రూపాయల భత్యం. కాని ఆయన చేతిలో కొన్ని పనిముట్లున్నవి. ఉదయం పదకొండు గంటలకు ప్రశ్నల సమయం. ముందుగా నోటీసు ఇచ్చిన ప్రశ్నకు మంత్రి నిలబడి జవాబు చెప్పి తీరాలి, ఆ మీద అనుబంధ ప్రశ్నలకూ చెప్పాలి. బడ్జెట్ వచ్చినప్పుడు ఏదైనా పద్దు నుండి నూరు రూపాయలు తగ్గించాలని కోత తీర్మానం పెట్టవచ్చు. ఆ నూరు రూపాయలు పేరుకే. దాని సాకుతో మా జిల్లాలో చెరువు ఎందుకు తెగింది, మా నేతకానికి నూలు ఎందుకు అందడంలేదు అని అడిగే అవకాశం దొరుకుతుంది. బిల్లు మీద సవరణ ఇవ్వవచ్చు. శుక్రవారం నాడు సొంతంగా బిల్లు కూడా పెట్టవచ్చు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ప్రజల తరఫున అడగడమే ఆ బెంచీ మీద కూర్చున్నవాని ఉద్యోగం.

ఎల్లారెడ్డి గారు కూర్చున్న ఆ మొదటి లోక్‌సభ ముందుకు రాని విషయం లేదు. విచారణ లేకుండా జైల్లో పెట్టే నివారక నిర్బంధ చట్టం 1952లోనే చర్చకు వచ్చింది. ఆ జైళ్ళను చూసి వచ్చిన ఉద్యమం వారికి అది పుస్తకాల చర్చ కాదు. 1953లో మిల్లు బట్ట మీద అదనపు ఎక్సైజు సుంకం వేసి ఆ డబ్బుతో చేనేతను ఆదుకునే చట్టం వచ్చింది. సిరిసిల్ల మగ్గాలకు అది తిండికి సంబంధించిన విషయం. 1955లో ఫజల్ అలీ కమిషన్ నివేదిక వచ్చింది. తెలంగాణను కొంతకాలం వేరే రాష్ట్రంగా ఉంచమని కమిషన్ చెబితే, ఎల్లారెడ్డి గారి పక్షం విశాలాంధ్ర కావాలన్నది. ఆ వాదంతో మనం ఏకీభవించినా లేకపోయినా, 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు ఆ చర్చలే తొవ్వ వేసినవి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడేదాకా ఆ వాదోపవాదాలు మన మధ్య నడుస్తూనే ఉన్నవి.

మన సంఘం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ముచ్చట మరొకటి అదే సభలో జరిగింది. ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ గారు కూడా మంత్రి కారు. పాలక పక్షంలోనే ఉన్న మామూలు సభ్యులు. 1952లో ఆయన సొంతంగా వక్ఫ్ బిల్లు పెట్టారు. అదే 1954లో వక్ఫ్ చట్టమైంది. వక్ఫ్ ఆస్తులను సర్వే చేయాలి, పట్టికలో ఎక్కించాలి, ముతవల్లీలు లెక్కలు చూపాలి, రాష్ట్రానికొక బోర్డు ఉండాలని ఆ చట్టం చెప్పింది. దాని స్థానంలో 1995లో మరొక చట్టం వచ్చింది, 2025లో దానికీ పెద్ద సవరణలు జరిగినవి. అంతకుముందు, ముస్లిం స్త్రీ కోర్టు ద్వారా వివాహబంధం నుండి విడుదల పొందే హక్కును స్పష్టం చేసిన 1939 చట్టానికి మూలమైన బిల్లు కూడా కాజ్మీ గారిదే. భర్త ఆచూకీ లేక, ఖర్చులకు దిక్కు లేక నలిగిన ఆడపిల్లలకు దారి చూపింది ఒక వెనుక బెంచీ సభ్యుని బిల్లు. స్వాతంత్ర్యం తర్వాత సభ్యులు సొంతంగా పెట్టిన వాటిలో చట్టాలైనవి 14 మాత్రమే. 1970 తర్వాత ఒక్కటి కూడా కాలేదు.

1957లో కరీంనగర్ స్థానం కాంగ్రెసుకు పోయింది. ఎల్లారెడ్డి గారు ఇంట్లో కూర్చోలేదు. 1958లో మన జగిత్యాల పక్కనున్న బుగ్గారం నుండి ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళారు. 1964 నుండి 1970 దాకా రాజ్యసభలో ఉన్నారు. 1964లోనే కమ్యూనిస్టు పార్టీ చీలింది, ఆయన సి.పి.ఐ.లోనే ఉండిపోయారు. 1972లో ఇందుర్తి నుండి మళ్ళీ శాసనసభకు ఎన్నికయ్యారు. ఒకే మనిషి లోక్‌సభ, రాజ్యసభ, శాసనసభ మూడింటిలోనూ కూర్చోవడం మన జిల్లాలో అరుదు. ఆయన 1979లో కన్నుమూశారు. కరీంనగర్‌లో పార్టీ కార్యాలయానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆయన రాజ్యసభలో ఉన్న కాలంలోనే, 1966లో, బీడీ, చుట్ట కార్మికుల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల గల్లీల్లో చాట ముందు పెట్టుకొని కూర్చునే ఆడవాళ్ళకు ఇది ఎంత పెద్ద విషయమో మేము చెప్పనవసరం లేదు. అందులో మన ఇండ్ల ఆడవాళ్ళున్నారు, పద్మశాలీల ఇండ్ల వాళ్ళున్నారు, మాల మాదిగల ఇండ్ల వాళ్ళున్నారు. అంతకుముందు ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే ఆమె కార్మికురాలే కాదని యజమాని దబాయించగలిగేవాడు. కార్ఖానా నుండి ఆకు, తంబాకు తెచ్చుకొని ఇంట్లో చుట్టేవారూ కార్మికులేనని ఈ చట్టం ఒప్పుకున్నది. ఆకు తక్కువ ఇచ్చినా, చుట్టిన బీడీలు బాగులేవని తీసి పారేసినా ఫిర్యాదు చేసే దారి పెట్టింది. పదేండ్ల తర్వాత 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్పులు ఆ నిధి నుండే వచ్చినవి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లో 1966 చట్టాన్ని కలిపివేశారు.

ఈ చట్టాలన్నీ ఎల్లారెడ్డి గారే తెచ్చారని మేము అనడంలేదు. అట్లా అంటే ఆయనే ఒప్పుకొనేవారు కారేమో. పార్లమెంటులో పని అట్లా జరగదు. ఒకరు ప్రశ్న వేస్తారు, ఇంకొకరు సవరణ ఇస్తారు, బయట సంఘం ఊరేగింపు తీస్తుంది. ఏండ్లు గడిచినాక ఒకరోజు చట్టం వస్తుంది. పేరు మంత్రికి పోతుంది. బీడీ కార్మికురాలి చేతికి గుర్తింపు కార్డు వచ్చేసరికి, మొదట అడిగినవాని పేరు ఎవరికీ గుర్తుండదు. వెనుక బెంచీ మనిషి కష్టం పునాదిలో రాయి వంటిది. ఇల్లు నిలబడుతుంది, రాయి కనబడదు.

ఇక మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు. ఎల్లారెడ్డి గారు మన సంచికలో ఎందుకంటే, మన ఇంటి బీడీ చాట, మన పక్కింటి మగ్గం, మన ఊరి వక్ఫ్ భూమి ఈ మూడూ ఆయన కూర్చున్న సభల్లో చర్చకు వచ్చినవి గనుక. మఖ్దూం సాహెబ్ పక్కన సంతకం పెట్టిన చేయి గనుక. మన మేలు మన వాళ్ళే చేయాలని లేదు, పరాయివాడని మనం అనుకొనేవాడు కూడా మన కోసం లేచి నిలబడవచ్చునని ఆ జీవితం చెబుతుంది గనుక.

సంఘ సభ్యులకు, ముఖ్యంగా చదువుకుంటున్న పిల్లలకు మా మనవి ఒక్కటే. మన ఎం.పి. గాని, ఎమ్మెల్యే గాని ఊరికి వచ్చినప్పుడు దండ వేసి ఫోటో దిగడంతో సరిపెట్టవద్దు. ఈ ఏడాది సభలో మా గురించి ఎన్ని ప్రశ్నలు అడిగినారు, ఏం జవాబు వచ్చిందని మర్యాదగానే అడగండి. మొదటి లోక్‌సభ నుండి సభల చర్చలన్నీ అచ్చయి ఉన్నవి, చూడదలచినవారికి దొరుకుతవి. గాలిపెల్లి నుండి ఢిల్లీ దాకా నడిచి వెళ్ళిన ఆ పెద్దమనిషికి మనం చేయగల నివాళి, అడగడం మానకపోవడమే.