ముందు అదిరిందే వేలు? - హ్యూలింగ్స్ జాక్సన్ జీవితం

మాది సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఇల్లు. నాట్లప్పుడు మా చిన్నాయనకు మూర్ఛ వస్తే అందరం తాళంచెవుల కోసం ఉరికినం. సూర్యాపేటలో డాక్టరుగారు మమ్మల్ని అడిగింది ఒక్కటే: ముందు ఏ భాగం అదిరింది? ఎవ్వరం చెప్పలేకపోయినం. ఆ ప్రశ్నను వైద్యులకు నేర్పినాయన కూడా రైతుబిడ్డేనని తర్వాత లైబ్రరీలో చదివాను.

జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ 1835లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. యార్క్‌లో వైద్యం నేర్చి లండన్ చేరాడు. 1862 నుంచి క్వీన్ స్క్వేర్‌లోని పక్షవాత, మూర్ఛరోగుల ఆసుపత్రిలో పనిచేశాడు.

మూర్ఛ పుట్టేది మెదడు అడుగుభాగంలోనని ఆనాడు చాలామంది వైద్యుల నమ్మకం. జాక్సన్ మాత్రం ఒక్కో మూర్ఛ ఎక్కడ మొదలై ఎటు పాకిందో ఓపికగా రాసుకున్నాడు. కొందరికి తెలివి ఉండగానే బొటనవేలు అదురుతుంది. ఆ అదురు చేతి మీదుగా ముఖానికి ఎక్కుతుంది. కుడిచేతిలో మొదలైతే లోపం మెదడు ఎడమ పైపొరలో ఉందని ఆయన ఊహించాడు. 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్ కుక్క మెదడుకు కరెంటు తాకిస్తే అవతలి పక్క కాళ్లు కదిలాయి. రైతుబిడ్డ లెక్క తప్పలేదు! మూర్ఛంటే మెదడు కణాలు ఒక్కసారిగా, అతిగా శక్తిని వదలడమేనని 1873లో తేల్చాడు. లేని వాసన తగలడం, మెలకువలోనే కలలో ఉన్నట్టుండడం కూడా మూర్ఛ రూపాలేనని చూపాడు.

1865లో పెళ్లాడిన ఎలిజబెత్‌కు చివరి జబ్బులో అవే ఒకపక్క మూర్ఛలు వచ్చాయి. 1876లో ఆమె పోయింది. పిల్లలు లేరు, ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1911లో కన్నుమూశాడు. ఆ రకం మూర్ఛకు ఆయన పేరు పెట్టింది ఫ్రెంచి వైద్యుడు షార్కో.

దసరా సెలవుల్లో చిన్నాయనకు మళ్లీ వచ్చింది. ఈసారి నేను తాళంచెవులు వెతకలేదు. పక్కకు ఒత్తిగిలబెట్టి, గడియారం చూసుకుంటూ కూర్చున్న. మొదట అదిరింది ఎడమ బొటనవేలు. స్కానింగులో మెదడు కుడిపక్కన బద్దెపురుగు తిత్తి బయటపడింది. మందులు వాడుతున్నడు, పొలానికీ పోతున్నడు.

మిత్రులారా, అన్ని మూర్ఛలూ ఒకటి కావు. కొందరు ఒక్కసారే బిగుసుకొని పడిపోతారు. కొందరు పిల్లలు కొన్ని క్షణాలు గుడ్లప్పగించి చూస్తారు, అంతే. వాళ్లను పరధ్యానమని కొట్టకండి. నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోండి. ఎక్కడ మొదలైందో మాత్రం చూడండి. డాక్టరు రాకముందు అది చూడగలిగేది మనమే.