జ్ఞానమ్మగారి ఇంట్లో దేవునికి ఎన్నో స్థానం?

ఈ వారం మిమ్మల్ని ఒకే ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో దేవునికి ఎన్నో స్థానం?

అడిగీ అడగకముందే మొదటి స్థానమని మీరు జవాబు చెబుతారు. గుమ్మం మీద సిలువ ఉంది. గోడకు తిరుహృదయ పటం ఉంది. బిడ్డలకు పునీతుల పేర్లు పెట్టుకున్నారు. ఇవన్నీ మంచివే, కాదనను. కాని మన కొడవలూరు చుట్టుపక్కల వరికోతలు తపస్సుకాలంలోనే వస్తాయి. కోతమిషను ఆదివారం ఉదయమే దొరుకుతుందంటే ఏది ఆగుతుంది? మిషను ఆగదు, దివ్యబలిపూజ ఆగుతుంది. రొయ్యల గుంటలో మేత వేసే వేళ తప్పదు, ఇంట్లో జపమాల చెప్పుకునే వేళ తప్పుతుంది. అమ్మాయిని పైచదువుకు పంపాలా, ఆ డబ్బు కట్నానికి దాచాలా అని రాత్రంతా లెక్కలు వేస్తాం. ఆ లెక్కలో దేవుని చిత్తమేమిటని అడిగే ఇళ్ళు ఎన్ని?

ఈ మాట ఎత్తితే చాలామంది రెండు రకాలుగా సమాధానమిస్తారు. దేవునికి తొలిస్థానం ఇవ్వడం గురువులకు, మఠకన్యలకు సాధ్యం, సంసారులకు ఎక్కడ కుదురుతుందని కొందరంటారు. ఎప్పుడూ గుడి గుడి అని తిరిగితే ఇల్లు ఎవరు చూస్తారని మరికొందరంటారు. ఈ రెండు మాటలకూ తన బ్రతుకుతో జవాబు చెప్పిన ఒక తెలుగుతల్లిని ఈ వారం మీకు పరిచయం చేస్తాను. ఆమె దైవసేవకురాలు జ్ఞానమ్మగారు. ఆమె పేరు మీలో చాలామంది విన్నదే. ఆమె ఒక ఇల్లాలన్న సంగతి మాత్రం కొందరు మరచిపోతుంటారు.

జ్ఞానమ్మగారు 1822లో ఫిరంగిపురంలో ఒక కతోలిక కుటుంబంలో జన్మించారు. గుంటూరు నుండి నరసరావుపేట వెళ్ళే దారిలో, కొండవీటి కొండల చేరువలో ఉన్న ఊరు అది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు యేసుసభ గురువులు తెలుగు సీమలో విశ్వాస విత్తనం చల్లారు. 1773లో పాపుగారు యేసుసభను రద్దు చేయడంతో ఆ గురువులు కరువయ్యారు. ఉన్న కొద్దిమంది గురువులు ఎన్నో ఊళ్ళు తిరగవలసి వచ్చింది. అలాంటి కాలంలో మన పూర్వుల విశ్వాసం ఆరిపోకుండా నిలిచిందంటే, అందుకు ఉపదేశులు ఒక కారణం, ఇంట్లో బిడ్డలకు జపాలు నేర్పిన తల్లులు మరో కారణం. గుడి గంట ప్రతిరోజూ మ్రోగని చోట ఇల్లే గుడి అయింది. జ్ఞానమ్మగారు పుట్టింది ఆ తరంలోనే.

ఆమెకు పదేళ్ళ వయసు వచ్చేసరికి, 1832-33లో, గుంటూరు సీమను ఘోరమైన కరువు పట్టి పీడించింది. పెద్దలు దాన్ని నందన కరువని, డొక్కల కరువని చెప్పుకునేవారు. ఆనాటి గుంటూరు జిల్లాలో సుమారు అయిదు లక్షల జనం ఉంటే, లక్షన్నర మందికి తక్కువ కాకుండా ఆకలికి, రోగాలకు బలైపోయారని చరిత్రకారుల అంచనా. పొలము, పశువు, గాదె ఏవీ మనిషిని కాపాడలేని రోజులు అవి. రైతు బిడ్డలైన మీకు ఆ భయం వేరే చెప్పనక్కరలేదు.

జ్ఞానమ్మగారి జీవితం ఆ తరువాత కీలచ్చేరితో ముడిపడింది. ఈ ఊరు తమిళనాడులో, ఇప్పటి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. తెలుగు సీమ నుండి వలస వెళ్ళిన కతోలిక కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. తమిళుల నడుమ ఉన్నా తెలుగు మాటను, తెలుగు జపాన్ని విడువని ఊరు. గుంటూరు నుండి మద్రాసు వైపు పోయే బాట మన నెల్లూరు మీదుగానే సాగుతుంది. అప్పటికి ఇక్కడ రైలు లేదు. బండ్ల మీద, కాలినడకన, పెన్న దాటి పోవలసిన ప్రయాణం.

ఆ రోజుల్లో నెల్లూరు మేత్రాసనం లేదు, గుంటూరు మేత్రాసనం లేదు. ఫిరంగిపురం, కీలచ్చేరి, మన ప్రాంతం అన్నీ మద్రాసు పీఠాధిపతుల పాలనలోనే ఉండేవి. 1841 నుండి 1868 వరకు జాన్ ఫెన్నెల్లీగారు, ఆ తరువాత ఆయన సోదరుడు స్టీఫెన్ ఫెన్నెల్లీగారు ఆ పీఠాన్ని నడిపారు. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడినప్పుడు ఫిరంగిపురం మన మేత్రాసనంలోకి వచ్చింది. 1940లో గుంటూరు వేరు మేత్రాసనమయ్యేవరకు మనతోనే ఉంది. కాబట్టి జ్ఞానమ్మగారు మనకు పరాయివారు కారు, మన ఇంటి పెద్దతల్లి.

ఆమె పెండ్లి చేసుకున్నారు. అయిదుగురు కుమారులకు తల్లి అయ్యారు. అయిదుగురు బిడ్డల ఇల్లంటే ఎలా ఉంటుందో తల్లులకు తెలుసు. నీళ్ళు తోడాలి, వడ్లు దంచాలి, పొయ్యి రాజేయాలి, జ్వరం వచ్చిన బిడ్డ పక్కన రాత్రి మేలుకోవాలి. ఈ పనులలో ఒక్కటి కూడా దేవునికి అడ్డు కాదు. భార్యగా, తల్లిగా చేసే పని దేవుడు అప్పగించిన పనే.

కొంతకాలానికి ఆమె భర్త మరణించారు. నడివయసులోనే ఆమె విధవరాలయ్యారు. పందొమ్మిదవ శతాబ్దపు మన సమాజంలో విధవరాలి స్థితి ఎలాంటిదో మీరు విన్నారు. శుభకార్యంలో ఆమె ఎదురు రాకూడదు. ఆమె మాటకు విలువ లేదు. ఇంట్లో ఒక మూల ఆమె చోటు. హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ ప్రభుత్వం 1856లో చట్టం తెచ్చినా, ఊళ్ళలో ఆచారం అంత తొందరగా మారలేదు. మన క్రైస్తవ ఇళ్ళకు కూడా ఆ గాలి సోకకుండా ఉండలేదు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. దేవునికి మన ఇంట్లో ఎన్నో స్థానమో మంచి రోజుల్లో సరిగా తెలియదు. ఆనుకున్న గోడ కూలిన రోజున తెలుస్తుంది. జ్ఞానమ్మగారు ఇక నా బ్రతుకింతే అనుకొని మూల కూర్చున్నట్లయితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. బిడ్డలను చూసుకుంటూ, జపమాల తిప్పుకుంటూ శేషజీవితం గడిపినా భక్తురాలనే అనేవారు. ఆమె అంతటితో ఆగలేదు. 1863లో కీలచ్చేరిలో ఆడపిల్లలకోసం బడి మొదలుపెట్టారు.

ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. పూణేలో సావిత్రీబాయి ఫూలే దంపతులు 1848లో ఆడపిల్లల బడి తెరిచినప్పుడు జనం వారిని ఎంత వేధించారో లోకానికి తెలుసు. మన తెలుగు నేల మీద కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. దానికి పదకొండు సంవత్సరాల ముందే ఒక తెలుగు విధవరాలు, పల్లెటూరి తల్లి, ఈ పనికి పూనుకున్నారు. ఆడపిల్లకు అక్షరాలు వస్తే ఏమి లాభమని ఊరంతా అనుకునే రోజుల్లో, ఆమె ఆ పిల్లలలో దేవుని పోలికను చూశారు.

తనకు ఆడబిడ్డలు లేరు, ఉన్నవారు అయిదుగురు కుమారులు. ఇతరుల ఆడబిడ్డలే ఆమెకు బిడ్డలయ్యారు. దేవునికి ఇంట్లో తొలిస్థానం ఇస్తే ఇల్లు ఇరుకవుతుందని మనం భయపడతాం. ఆమె విషయంలో ఇల్లు ఊరంత విశాలమైంది.

ఆ సేవలో తోడునిలిచిన స్త్రీలతో ఒక మఠకన్యల సభ రూపుదిద్దుకుంది. ఆ సభకు పునీత అన్నమ్మగారి పేరు. ఈ పేరులో ఎంతో అర్థముంది. అన్నమ్మగారు మరియతల్లికి కన్నతల్లి, ఒక ఇంటి ఇల్లాలు. గుడులలో అన్నమ్మగారి స్వరూపం చూసే ఉంటారు. పక్కన చిన్న మరియమ్మ, ఇద్దరి మధ్య తెరిచిన పుస్తకం. తల్లి కూతురికి చదువు నేర్పుతున్న రూపం అది. ఆడపిల్లలకు చదువు చెప్పే సభకు ఇంతకన్నా తగిన పాలక పునీతురాలు దొరకరు.

ఈ పని జ్ఞానమ్మగారు చూసింది పన్నెండేళ్ళ లోపే. 1874 డిసెంబరు 21న, క్రిస్మసు పండుగకు నాలుగు రోజుల ముందు, ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు యాభై రెండు సంవత్సరాలు. మిల్ హిల్ గురువులు మన తెలుగు సీమలో అడుగుపెట్టింది ఆ మరుసటి ఏడు, 1875లో. విదేశీ గురువుల పెద్ద పెద్ద విద్యాలయాలు మనకు రాకముందే ఒక తెలుగుతల్లి ఆ పనికి పునాది వేశారన్నమాట. నేడు మద్రాసు అన్నమ్మ సభవారు, ఫిరంగిపురం అన్నమ్మ సభవారు కూడా ఆమెనే తమ స్థాపకురాలిగా గౌరవిస్తున్నారు. 2014లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలి స్థానానికి చేరే మార్గంలో అది మొదటి మెట్టు.

ఇక మన సంగతికి వద్దాం. దేవునికి తొలిస్థానం అంటే అర్థమేమిటి? తత్త్వశాస్త్రంలో ఒక భేదం చెబుతారు. వరుసలో మొదటిది వేరు, మూలంగా మొదటిది వేరు. వరుసలో మొదటిదైతే దాని పని అయిపోగానే రెండవదానికి పోతాం, మొదటిదాన్ని మరచిపోతాం. బండి ఇరుసును చూడండి. ఆకులన్నీ చుట్టూ తిరుగుతుంటాయి. ఒక ఆకు పైకి వస్తుంది, ఒకటి క్రిందికి పోతుంది. ఇరుసు మాత్రం ఎప్పుడూ నడుమనే ఉంటుంది. దేవుడు మన ఇంటికి ఇరుసు కావాలి. పొద్దున్నే అయిదు నిమిషాలు దేవునికి, మిగతా రోజంతా మనకు అని పంచుకోవడం కాదు, పొలంలో, గుంట గట్టున, వంటింట్లో, సంతలో తీసుకునే ప్రతి నిర్ణయం ఆయన చుట్టూ తిరగాలి. ప్రేమకు కూడా ఒక క్రమం ఉండాలని పునీత అగస్తీనుగారు బోధించారు. దేవుణ్ణి ముందుగా ప్రేమించినవాడు భార్యాబిడ్డలను తక్కువగా ప్రేమించడు, సరిగ్గా ప్రేమిస్తాడు.

పవిత్ర గ్రంథంలోని సరెఫతు విధవరాలిని తలచుకోండి. కరువు కాలం. ఇంట్లో ఉన్నది గుప్పెడు పిండి, కొద్దిగా నూనె. తాను, తన బిడ్డ తిని చనిపోవడానికి సిద్ధపడింది. అలాంటి సమయంలో ఏలీయా ప్రవక్త మొదటి రొట్టె తనకు చేసి పెట్టమన్నారు. ఆమె చేసిపెట్టింది. ఆ పిండి తొట్టి తరిగిపోలేదు. అన్నీ సమృద్ధిగా ఉన్నప్పుడు మిగిలింది దేవునికి ఇవ్వడం దానం. లేని రోజున మొదటిది ఇవ్వడం విశ్వాసం. కరువును చూసిన సీమలో పుట్టి, భర్తను కోల్పోయి, తన శేషజీవితాన్ని ఊరి ఆడపిల్లలకు పంచి ఇచ్చిన జ్ఞానమ్మగారు కూడా ఆ మొదటి రొట్టె దేవునికే పెట్టారు.

ఈ వారం మీ కుటుంబమంతా కలిసి కూర్చొని మూడు సంగతులు మాట్లాడుకోండి. మొదటిది, కోతమిషనువారితో, కూలీలతో మాట్లాడేటప్పుడు ఆదివారం పూజవేళను ముందుగానే తప్పించి మాట్లాడుకోవడం. పూజ ముగిశాక చేలోకి దిగితే గంటో రెండు గంటలో ఆలస్యమవుతుంది, అంతే. వానమబ్బు నెత్తిమీద ఉండి పంట పోయే పరిస్థితి వస్తే మీ విచారణ గురువును అడగండి, తిరుసభ తల్లి వంటిది, అవసరాన్ని అర్థం చేసుకుంటుంది. కాని ప్రతి వారమూ అవసరమే అయితే అది అవసరం కాదు, అలవాటు. రెండవది, రాత్రి భోజనానికి ముందు పావుగంట టీవీ, ఫోనులు పక్కనపెట్టి ఇంటిల్లిపాదీ జపం చెప్పుకోవడం. తండ్రి కూడా కూర్చోవాలి. అమ్మకు, పిల్లలకు అప్పగించి తాను అరుగు మీద కూర్చుంటే పిల్లలు దేవుని స్థానం అక్కడే లెక్కకట్టుకుంటారు.

మూడవది కొంచెం కష్టమైనది. మీ ఇంట్లో చదవగలిగే ఆడపిల్ల ఉంటే, కట్నం కోసమని ఆమె చదువు ఆపకండి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం దేశ చట్టం 1961లోనే నిషేధించింది. మన విశ్వాసం దాన్ని ఏనాడూ సమర్థించలేదు. అయినా ఆ కట్నం మన ఇళ్ళలో ఎందరు బిడ్డల భవిష్యత్తును మింగుతున్నదో మీకు తెలుసు. పీట దగ్గర మోకరించి దేవుడే మొదటివాడని చెప్పి, పెండ్లి మాటల్లో డబ్బును మొదట కూర్చోబెడితే, మన ఇంట్లో నిజంగా పూజ అందుకుంటున్నది ఎవరు? విధవరాలి ఇంట వెలిగిన దీపం 1863లోనే ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది.

ఇంట్లో విధవరాలైన తల్లి గానీ, చెల్లెలు గానీ ఉంటే ఆమెను మూల కూర్చోబెట్టకండి. దేవుడు ఆమెకు ఏ పని దాచి ఉంచాడో మనకు తెలియదు.

దైవసేవకురాలు జ్ఞానమ్మగారిని బలిపీఠ గౌరవానికి హెచ్చించమని దేవుణ్ణి వేడుకుందాం. అంతకన్నా ముందు, ఆమె ఇంట్లో దేవుడు కూర్చున్న చోటే మన ఇంట్లోనూ ఆయనకు చోటిద్దాం. సర్వేశ్వరుడు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.