వాడి పారేసే బ్లేడుకు ఆద్యుడు జిల్లెట్

కింగ్ క్యాంప్ జిల్లెట్ 1855లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జన్మించారు. తర్వాత కుటుంబం చికాగో చేరింది. 1871లో ఆ నగరం తగలబడినప్పుడు తండ్రి వ్యాపారం బూడిదైంది. జిల్లెట్ ఊరూరా తిరిగి సరుకులు అమ్మి బతికారు. ఒకసారి వాడి పారేసే వస్తువేదైనా కనిపెట్టమని, సీసా మూతలు తయారుచేసే యజమాని విలియం పెయింటర్ ఆయనకు సలహా ఇచ్చారు.

1895లో ఒక ఉదయం గడ్డం గీసుకోబోతే కత్తి మొద్దుబారి ఉంది. సాన పట్టిస్తే తప్ప పనికిరాదు. పల్చని ఉక్కు రేకుకు పదును పెట్టి, అరిగాక పారేస్తే సరిపోదా అని అప్పుడే తట్టింది. అది జరగని పని అని నిపుణులు తేల్చేశారు. ఏళ్ల తరబడి తిరిగాక, ఇంజనీరు విలియం నికర్సన్ దారి చూపారు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లే. మరుసటి ఏడాది రేజర్లు 90 వేలు దాటాయి.

బ్లేడు కాగితంపై ఆయన బొమ్మ లోకమంతా తిరిగింది. ఆర్థికమాంద్యంలో మాత్రం ఆస్తి చాలావరకు కరిగిపోయింది. 1932లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

రెండంచుల బ్లేడు ఏ కంపెనీదైనా అదే తరహా రేజరులో పడుతుంది. పదును మాత్రం ఒక్కటి కాదు. కొత్తగా గడ్డం గీసుకునే కుర్రాళ్లు రెండు మూడు రకాలు కొద్దిగా కొని చూసి, చర్మానికి మంట పుట్టించనిది ఎంచుకోవడం మేలు.