మూసా రాముడు – మూసా రహీము

గోదావరీ తీరవాసులమైన మనకు ఫ్రెంచివారనగానే యానాం జ్ఞప్తికి వస్తుంది. కాని ఒకప్పుడు రాజమహేంద్రవరం, ఏలూరు సర్కారులు కూడా వారి ఏలుబడిలో ఉండేవి. 1753లో దక్కను సుబేదారు సలాబత్ జంగు తన కొలువులోని ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైనికుల జీతాల నిమిత్తం ఈ సర్కారులను వ్రాసి ఇచ్చాడు. అయిదేండ్లకే, 1758 డిసెంబరు 7న, పిఠాపురానికి చేరువనున్న చందుర్తి వద్ద విజయనగర ప్రభువు ఆనంద గజపతి సహాయంతో ఆంగ్లేయులు ఫ్రెంచి సేనను ఓడించారు. 1766లో ఈ సీమపై హక్కు కుంఫిణీకి సంక్రమించింది. చందుర్తి యుద్ధం జరిగేనాటికి ఫ్రాన్సు దేశపు గాస్కనీ ప్రాంతంలో మూడేండ్ల బాలుడొకడు ఆడుకొనుచుండెను. మన జిల్లాలో పోయిన ఫ్రెంచి ప్రాభవాన్ని హైదరాబాదులో మరల నిలబెట్టజూచిన చివరివాడు అతడే. అతని పేరు మిషెల్ జోకిం మారీ రేమాన్.

రేమాన్ 1755లో జన్మించాడు. ఇరువదియేండ్ల ప్రాయంలో వర్తకం చేయగోరి పుదుచ్చేరిలో దిగాడు. వర్తకం అతనికి అచ్చిరాలేదో, మనసు దానిపై నిలువలేదో గాని, త్వరలోనే కత్తి పట్టి మైసూరు హైదరాలీ కొలువులోని ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో వృద్ధుడైన బుస్సీ మరల భారతదేశానికి రాగా అతని వద్ద పనిచేశాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించిన పిమ్మట రేమాన్ హైదరాబాదు చేరి నిజాం అలీఖాన్ కొలువులో ప్రవేశించాడు.

అప్పటికి అతని వెంట ఉన్నది సుమారు మూడువందల మంది. వారి చేతులలోని తుపాకులు కూడా వారివి కావు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చరిత్రకారులు వ్రాశారు. మనం పెండ్లికి వంటపాత్రలు అద్దెకు తెచ్చుకొన్నట్లు, అతడు యుద్ధానికి తుపాకులు అద్దెకు తెచ్చుకొన్నాడు! అద్దె ఆయుధంతో పోరాడేవాని ధైర్యం ఆ నెల బాడుగ చెల్లినంతవరకే. రేమాన్ జీవితమంతటికీ తాళపుచెవి ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయం.

ఆ కాలపు తుపాకిని గురించి కొంత చెప్పక తప్పదు. మన దేశపు దండులలో అప్పటికి జామగి తుపాకులు విరివిగా ఉండేవి. వెలిగించిన వత్తిని మందుకు తాకించిన గాని అవి పేలవు. వాన కురిసినచో వత్తి ఆరిపోవును. చీకటిలో దాని నిప్పుకణిక శత్రువుకు జాడ తెలుపును. ఐరోపాలో అప్పటికే చెకుముకిరాతి తుపాకి స్థిరపడింది. మీట నొక్కినంతనే రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాలును. ఫ్రెంచి సైన్యపు తుపాకి బరువు సుమారు నాలుగున్నర కిలోలు. సైనికుడు భుజాన వేసుకొని ఆమడలు నడువగలడు. శిక్షణ పొందినవాడు నిముషానికి రెండు మూడు మారులు కాల్చగలడు. దాని కొసకు సనీను తగిలిస్తే అదే బల్లెం. అన్నింటికంటె ముఖ్యమైనది, గొట్టాల కొలత ఒక్కటిగా ఉండడం. పది మంది కమ్మరులు పది కొలతలలో చేసిన తుపాకులకు పది రకాల గుండ్లు కావలెను. కొలత ఒక్కటైతే దళమంతటికీ ఒకే అచ్చులో గుండ్లు పోయవచ్చును. వేలమందిని ఒక్క చేతిగా నడిపించే రహస్యం కవాతులో ఎంత ఉన్నదో, ఈ కొలతలో అంత ఉన్నది.

రేమాన్ ఈ సంగతిని బాగుగా గ్రహించాడు. 1786 ప్రాంతంలో హైదరాబాదులో ఫతేమైదానం చేరువ ఫిరంగుల కార్ఖానా వెలసింది. జనులు దానిని తోప్ కా సాంచా అన్నారు. ఉర్దూ ఎరిగిన మన విద్యార్థులకు సాంచా అనగా పోత అచ్చు అని వేరుగా చెప్పనక్కరలేదు. ఇచ్చట ఫిరంగులు పోతపోశారు. రేమాన్ కార్ఖానాలలో తుపాకులు, పిస్తోళ్ళు, కత్తులు కూడా తయారైనవి. ఇందుకు పనివారు దక్కనులో కరవు కాదు. కోనసముద్రం ఉక్కు కొనడానికి ఇరాన్ వర్తకులు సముద్రాలు దాటి వచ్చిన దేశమిది. ఫ్రెంచి కొలత, దక్కను కమ్మరి చేయి కలిశాయి. సేనానుల పేర్లు భద్రపరచిన చరిత్ర ఆ కొలిముల వద్ద చెమటోడ్చినవారిని మాత్రం విస్మరించింది.

1795 మార్చిలో ఖర్దా వద్ద మహారాష్ట్రులతో యుద్ధం జరిగింది. స్నేహితులమనుకొన్న ఆంగ్లేయులు తటస్థులమన్నారు. రేమాన్ దళం నిలిచి పోరాడింది గాని, నిజాం భీతిల్లి కోటలోనికి తొలగిపోవడంతో పరాజయం తప్పలేదు. ఆగ్రహించిన నిజాం కుంఫిణీ పటాలాలను పంపివేసి రేమాన్ బలాన్ని పెంచాడు. ఆ యేడే నిజాం కుమారుడు అలీజా తిరుగుబాటు చేయగా, రేమాన్ వెళ్ళి అణచాడు. ఆ రాకుమారుడు మార్గమధ్యంలో విషం త్రాగి మరణించాడు. ఈ విజయాన్ని మేము కీర్తింపజాలము. మూడువందల మందితో మొదలైన దళం క్రమంగా సుమారు పదునాలుగువేలకు పెరిగింది.

రేమాన్‌ను స్వాతంత్ర్యవీరునిగా చిత్రించడం సరికాదు. అతడు జీతానికి కత్తి పట్టినవాడు. ఫ్రాన్సు త్రివర్ణపతాకం అతని దళంపై ఎగిరింది. అయినను సైనికులు అతనిని ప్రాణప్రదంగా చూచుకొన్నారు. మొస్యే రేమాన్ అను పలుకు ముస్లిముల నోట మూసా రహీమైనది. హిందువుల నోట మూసా రామైనది. హైదరాబాదులోని మూసారాంబాగ్ పేరు ఇట్లు వచ్చినదే.

1798 మార్చి 25న, నలువదిమూడవ యేట, అతడు మరణించాడు. విషప్రయోగమని కొందరన్నారు, నిజం తేలలేదు. దళపతిత్వం పిరాన్ అను వానికి వచ్చింది. అతనికి పదవి దక్కింది గాని రేమాన్ పలుకుబడి దక్కలేదు. సెప్టెంబరు 1న నిజాం కుంఫిణీతో సంధి చేసికొని, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడానికి ఒప్పుకొన్నాడు. జీతాల బకాయిలకై సిపాయిలు తమ అధికారులపైనే తిరగబడ్డారు. అక్టోబరు 22న ఆంగ్లసేన వారిని చుట్టుముట్టింది. పదమూడేండ్లు శ్రమించి సమకూర్చుకొన్న ఆయుధాలు కొన్ని గంటలలో, రక్తపాతం లేకుండా, నేలపై కుప్పపడినవి. మరుసటి మే నెలలో శ్రీరంగపట్నం కూడా కూలింది.

మలక్‌పేట దాటిన పిమ్మట అస్మాన్‌గఢ్ గుట్టపై రేమాన్ సమాధి ఉన్నది. నల్లరాతి స్తంభం మీద అతని పేరులోని తొలి అక్షరాలు మాత్రమే చెక్కారు. చిరకాలం ఏటేటా అక్కడ ఉర్సు జరిగేది. రాముని పేర పిలిచినవారు, రహీము పేర పిలిచినవారు కూడి దీపాలు వెలిగించేవారు. చెంతనున్న స్తంభాల మంటపం 2001లో వానలకు కూలిపోగా తిరిగి కట్టించారు.