ప్రాణశక్తి అన్వేషి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి సీమలోని భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పేదరికానికి పితృవియోగం తోడై ఆయన విద్యాభ్యాసం ఒడుదొడుకులతో సాగింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పినా, తల్లి పట్టుదల వల్ల మూడవసారి ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయుడైన ఒక ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. అంతకంటె పెద్ద గాయం మరొకటి ఉంది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలోనే బలిగొన్నది. చేతిలో మందు లేని వైద్యుని నిస్సహాయత ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1920వ దశకం తొలినాళ్ళలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. పొట్టపోసుకోవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ, హార్వర్డ్‌లో విద్యను కొనసాగించారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలమానమే గొప్ప రహస్యానికి తాళపుచెవి అయింది.

కండరం సంకోచించడానికి శక్తి ఎక్కడిది? గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే అందుకు మూలమని నాటి శాస్త్రజ్ఞుల విశ్వాసం. 1927లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది. విశ్రమించినప్పుడు తిరిగి నిండుతుంది. 1929లో వారు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏటీపీని, వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. జీవకణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఏటీపీయే.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి లభించలేదు. 1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నేతృత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమయింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, రక్త క్యాన్సర్ చికిత్సకు బాటవేసిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవినాశకం ఆ ప్రయోగశాల అందించినవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, ఆ మహామనీషి హృదయం నిద్రలోనే ఆగిపోయింది. స్వదేశానికి మరలి రాకుండానే ఆయన కన్నుమూశారు.

ఏటీపీ తయారయ్యే ప్రధాన స్థానం మైటోకాండ్రియా అని కెన్నెడీ, లెనింజర్‌లు 1948-49లోనే నిరూపించడం గమనార్హం. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకొనే గుండెలో నిల్వ ఉండే ఏటీపీ కొన్ని క్షణాలకే సరిపోతుంది. అందుకే గుండె కండర కణంలో సుమారు మూడోవంతు భాగాన్ని మైటోకాండ్రియాలే ఆక్రమిస్తాయి. వాటిలోని ప్రొటీన్లు దెబ్బతింటే ఏటీపీ ఉత్పత్తి తగ్గుతుంది. ప్రాణవాయువు నుండి పుట్టే హానికర అణువులు పెచ్చుపెరిగి ఆ ప్రొటీన్లనే మరింత గాయపరుస్తాయి. ఈ విషవలయాన్ని ఛేదించే మార్గాలను నేటి హృద్రోగ పరిశోధకులు వెదకుతున్నారు. వారి ప్రయత్నానికి పునాదిరాళ్ళలో ఒకటి సుబ్బారావు వేసినదే.

1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళను విడుదల చేసింది. బతికుండగా కీర్తిని కోరని ఆ కర్మయోగి కృషి, కొట్టుకొనే ప్రతి గుండెలోని రహస్యాన్ని లోకానికి విప్పిచెప్పింది.