పునాదిరాళ్ల నడుమ ఉయ్యాల: శ్రీమతి మీరా మహదేవన్

కళాశాలలో బోధించువానిని లోకము ఆచార్యుడని పిలుచును. పాఠశాలలో బోధించువానిని పంతులుగారని గౌరవించును. ఎనిమిది నెలల బిడ్డకు ముక్కు తుడిచి, పాలు పట్టి, పేరు పెట్టి పిలిచి, మాట నేర్పు స్త్రీని మాత్రము ఆయా అని పిలిచి ఊరకుండును. బిడ్డ వయస్సు తగ్గిన కొలది ఆ బిడ్డకు నేర్పువారి గౌరవమును, జీతమును తగ్గుచు వచ్చుట మన దేశములో బహుకాలముగా నున్న రీతి. ఆ రీతిని తలక్రిందులు చేయ పూనుకొన్నవారిలో శ్రీమతి మీరా మహదేవన్ ఒకరు. పాలు త్రాగు బిడ్డకు సయితము గురువు కావలెననియు, ఆ గురువునకు తగిన శిక్షణ కావలెననియు ఆమె ఢిల్లీ నగరములో, ఇటుకలు, ఇసుక, సిమెంటు నడుమ కార్యరూపమున చూపెను.

మిర్యాము అను పేరు

ఆమెకు పుట్టినప్పటి పేరు మిర్యాము. బెనె ఇశ్రాయేలు అను యూదు సమాజములో ఆమె జన్మించెను. ఇశ్రాయేలు సంతతివారు అని ఆ మాటకు అర్థము. పూర్వకాలమున తమ పితరులు ఓడ పగిలి కొంకణ తీరమునకు చేరిరని వారు తరతరములుగా చెప్పుకొందురు. గానుగ ఆడించి నూనె తీయుట వారిలో అనేకుల వృత్తి. విశ్రాంతి దినమున వారి గానుగలు తిరుగవు గనుక, చుట్టుపట్ల గ్రామములవారు వారిని శనివారపు తేలీలు అని పిలిచిరి. 1948లో ఇశ్రాయేలు రాజ్యము స్థాపింపబడిన తరువాత వారిలో వేలమంది ఆ దేశమునకు తరలిపోయిరి.

మిర్యాము ఈ దేశమందే నిలిచెను. గాంధీమార్గమును లోతుగా పరిశీలించి రచనలు చేసిన టి. కె. మహదేవన్ గారిని వివాహమాడి మీరా మహదేవన్ ఆయెను. ఆయన ఢిల్లీలోని గాంధీ శాంతి ప్రతిష్ఠానముతో కలిసి పనిచేయుచుండెను. ఆమె హిందీ భాషలో రచయిత్రి. అప్నా ఘర్ అను ఆమె నవల బెనె ఇశ్రాయేలువారి జీవితమును గూర్చినది. 1975లో అది షూలమిత్ అను పేరుతో ఇంగ్లీషున వెలువడెను. అప్నా ఘర్ అనగా స్వంత ఇల్లు. మనుష్యునికి తన ఇల్లు అనదగినది ఎక్కడనున్నదను ప్రశ్నను పుస్తకములో వ్రాసిన ఆమెకు అదే ప్రశ్న ఒకనాడు యమునానది ఒడ్డున దుమ్ములో పడియున్న పసిబిడ్డల రూపమున ఎదురుపడెను.

రాజ్‌ఘాట్‌లో ఒక గుడారము

మహాత్మాగాంధీ 1869 అక్టోబరు 2న జన్మించెను గనుక 1969లో ఆయన శతజయంతిని జరుపుకొనుటకు దేశమంతయు సిద్ధపడుచుండెను. ఢిల్లీలో ఆయన సమాధియున్న రాజ్‌ఘాట్ సమీపమున గాంధీ దర్శన్ అను గొప్ప ప్రదర్శనశాల నిర్మాణము సాగుచుండెను. దరిద్రుల పక్షమున నిలిచినవాని జ్ఞాపకార్థమైన ఆ పనిలో మట్టి మోసినవారు దరిద్రులే. కుటుంబములతో కూడ వచ్చిన కూలీలలో స్త్రీలు తట్టలతో ఇటుకలును, గమేళాలతో కాంక్రీటును మోయుచుండిరి. వారి బిడ్డలు ఇసుకకుప్పల ప్రక్క, కంకర నడుమ, ఎండలో పడియుండిరి.

కూలిపని చేయు తల్లి చంటిబిడ్డను ఎక్కడ ఉంచవలెను? ఇంటివద్ద ఉంచుటకు ఇల్లు లేదు. అవ్వ చేతికి అప్పగించుటకు అవ్వ స్వగ్రామమున ఉండిపోయెను. పని మానినయెడల ఆనాటి కూలి పోవును. గనుక ఆరేడేండ్ల ఆడపిల్ల చంకకు బిడ్డనెత్తి తల్లి పనికి పోవును. ఆ పిల్ల బడిముఖము ఎరుగదు. తానే బిడ్డయై యుండి మరియొక బిడ్డకు తల్లి యగును. అట్టి అక్క కూడ లేనిచోట బిడ్డ ఏడువక నిద్రించుటకై రవ్వంత నల్లమందు పెట్టు వాడుక కొందరిలో ఉండెను. ఈ దృశ్యము తెలుగువారికి క్రొత్త కాదు. ఆనకట్టలకును, కాలువలకును, బాటలకును దేశమంతట మట్టి మోసిన పాలమూరు కూలీల బిడ్డలు ఈ విధముగానే గట్లమీద పెరిగిరి.

జమ్ముపెట్టెలోని తమ్ముని నది ఒడ్డున నిలిచి కనిపెట్టిన మోషే అక్క కథ చదువరులందరు ఎరిగినదే. మరియొక నది ఒడ్డున మిర్యాము అను పేరుగల ఈ స్త్రీ కూడ చూచి తొలగిపోలేదు. భవనము పూర్తియైన పిమ్మట గాంధీ బోధలను గోడలమీద చూపుటకంటె, ఆ గోడలు లేచుచుండగనే ఈ బిడ్డలను కాపాడుట ముందు జరుగవలసిన పని యని ఆమెకు తోచెను. 1969 మార్చిలో ఆ పనిస్థలముననే ఒక గుడారము లేచెను. బిడ్డలను అందులో చేర్చి, కడిగి, నీడను పరుండబెట్టిరి. తల్లులు పని నడుమ వచ్చి పాలిచ్చి పోవుచుండిరి. మొబైల్ క్రెషెస్ అను సంస్థకు అదియే ఆరంభము. దేవికా సింగ్ మొదలగువారు ఆమెకు తోడై ఆ పనిని నిలిపిరి.

ఆ పేరులోనే దాని స్వభావమున్నది. భవనము పూర్తియైనయెడల కూలీలు మరియొక చోటికి పోవుదురు. బిడ్డలు పోయినచోటికి శిశుకేంద్రము కూడ పోవలెను. గుడారములోనో, రేకుల పాకలోనో, సగము కట్టిన భవనపు క్రింది అంతస్తులోనో అది నడచును. గుడ్డ ఉయ్యాలలు, చాపలు, వంటపాత్రలు, పలకలు మూటగట్టుకొని క్రొత్త స్థలమునకు చేరి, మరల గోడలకు సున్నము కొట్టి మొదలుపెట్టవలెను.

గురువులను సిద్ధపరచుట

గుడారము వేయుట సులభము. అందులో ఎవరు కూర్చుండవలెనను ప్రశ్న కఠినమైనది. పసిపిల్లల ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట అప్పటికి మన దేశమున క్రొత్తది కాదు. గిజుభాయి బధేకా భావనగరములో 1925లోనే అట్టి శిక్షణాలయమును స్థాపించెను. 1939లో మరియా మాంటిసోరి మదరాసు నగరపు అడయారుకు వచ్చి వందలమందికి తన పద్ధతిని నేర్పెను. తారాబాయి మోడక్ బీదపల్లెలలో వాకిటనే బడి నడుపు అంగన్‌వాడి పద్ధతిని రూపొందించెను. అయితే బాలబడుల శిక్షణలు ప్రధానముగా మూడేండ్ల ప్రాయమునకు చేరిన బిడ్డలను గూర్చినవి. నెలల బిడ్డలకును, తప్పటడుగుల బిడ్డలకును గురువు కావలెనను తలంపే అనేకులకు వింతగా నుండెను.

నిర్మాణస్థలమున చేరువారు ఒక్క వయస్సువారు కారు. అందుచేత ఆ కేంద్రములలో మూడు వరుసలు ఏర్పడెను. మూడేండ్ల లోపువారికి శిశుసంరక్షణము, మూడు మొదలు ఆరేండ్లవారికి బాల్వాడి, ఆపై వయస్సువారికి ప్రాథమిక విద్య. చంటిబిడ్డను చేర్చుకొన్నందువలన వాని అక్కకు బడి దొరికెను. ఒక ఉయ్యాల ఇద్దరి బ్రదుకులను మార్చెను.

ఈ పనికి పెద్ద పట్టములు గల స్త్రీల కొరకు ఎదురుచూచుట వలన ప్రయోజనము లేకపోయెను. దుమ్ములో కూర్చుండి, ఎవరి బిడ్డయైనను మలము కడిగి, దినమంతయు ఓర్పుతో నుండగలవారు కావలెను. గనుక సామాన్య కుటుంబములనుండి వచ్చిన, కొలది చదువుగల యువతులకు పని చేయుచుండగనే పని నేర్పు పద్ధతిని ఆ సంస్థ అవలంబించెను. క్రొత్తగా వచ్చిన యువతి అనుభవశాలినియైన మరియొక స్త్రీ ప్రక్కన నిలిచి, చూచి, చేసి, తప్పు దిద్దుకొని నేర్చుకొనవలెను. ఆ తరువాత కూడుకొని, తాను చూచినదానికి కారణము తెలిసికొనవలెను.

ఆమె నేర్చుకొనవలసిన పాఠములు వినుటకు చిన్నవి. చేతులు కడుగుట మొదటిది. నీరు కాచి చల్లార్చుట, గిన్నెలు శుభ్రపరచుట, బిడ్డను తూచి బరువు వ్రాసియుంచుట ఆపైవి. బరువు పెరుగక నిలిచిపోయిన బిడ్డను కంటితో చూచుటకు ముందే కాగితము చూపును. విరేచనములతో బిడ్డ కన్నులు లోతుకు పోయినప్పుడు ఏమి చేయవలెనో, ఎప్పుడు వైద్యునియొద్దకు పరుగెత్తవలెనో ఆమెకు తెలిసియుండవలెను. ఆరునెలలు దాటిన బిడ్డకు పాలతోపాటు మెత్తని ఆహారము ఏలాగు మొదలుపెట్టవలెనో తల్లికి చెప్పగలిగి యుండవలెను.

అయినను ఇవి దాది పనులే యని తలంచినయెడల ఆ శిక్షణలోని సారము గ్రహింపనట్లే. బిడ్డకు గంజి పట్టునప్పుడు వాని కన్నులలోనికి చూచి మాటలాడుట విద్య. ఒళ్లు కడుగునప్పుడు ఇది చేయి, ఇది కాలు అని చెప్పుట విద్య. ఏడుపు విని అది ఆకలియో, నొప్పియో, తల్లికొరకైన బెంగయో గుర్తించుట విద్య. తప్పటడుగుల బిడ్డ లేచి పడినప్పుడు వానిని కట్టివేయక, పడినను దెబ్బ తగులని స్థలమును సిద్ధపరచి నడువనిచ్చుట విద్య. ఖాళీ డబ్బాలో గులకరాళ్లు పోసిన గిలక, చింకిగుడ్డల బొమ్మ, కొయ్యముక్కలు, పాత సీసామూతలు వారి బోధనోపకరణములు. జానపద గీతములు వారి పాఠ్యపుస్తకము. రాజస్థాన్, మధ్యప్రదేశ్, బీహారు మొదలగు ప్రాంతములనుండి వచ్చిన తల్లులు పాడు జోలపాటలనే గురువు నేర్చుకొనవలెను. ఏలయనగా ఆ స్వరము వినినప్పుడే బిడ్డ ఊరడిల్లును.

తల్లియే ఈ గురువునకు తోడి ఉపాధ్యాయురాలు. సాయంకాలమున బిడ్డను తల్లిచేతికి అప్పగించునప్పుడు ఆ దినమున ఏమి తినెనో, ఎంతసేపు నిద్రించెనో చెప్పవలెను. అలసిన తల్లిని గద్దింపరాదు. ఆమెకు తెలియని సంగతిని అవమానము కలుగకుండ తెలుపవలెను. ఇట్టి నేర్పు ఏ పరీక్షలోను మార్కులు తేదు. అయితే ఆ నేర్పు లేనిచోట టీకా వేయించుట మొదలు బడికి పంపుట వరకు ఏదియు నెరవేరదు.

చట్టము కాగితమున, బిడ్డ ఎండలో

కొందరు యజమానులకు శిశుకేంద్రము పనికి అడ్డుగా తోచుట సహజము. స్థలము, నీరు, నీడ అడుగవలసి వచ్చును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కర్మాగారములలో శిశుగృహములుండవలెనని చెప్పెను. కాని పునాదులు త్రవ్వు స్థలము కర్మాగారము కాదు. 1970లో వచ్చిన కాంట్రాక్టు కార్మికుల చట్టమును అనుసరించి, ఇరువదిమంది లేక అంతకు మించి స్త్రీలు పనిచేయు చోట బిడ్డలకు గదులుండవలెనని కేంద్ర నియమములు ఏర్పడెను. నియమమున్నను దాని అమలు నడుపువారి మనస్సుపై ఆధారపడెను. అందుచేత కేంద్రములు నడుపుటతో పాటు, యజమానులను, అధికారులను ఒప్పించుట కూడ ఈ పనిలో భాగమాయెను.

1972లో బొంబాయి నగరమునకును, 1981లో పుణె నగరమునకును ఆ సేవ వ్యాపించెను. 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి దినమున, సమగ్ర శిశు అభివృద్ధి సేవలు 33 ప్రాజెక్టులతో ప్రారంభమై అంగన్‌వాడీలు దేశమంతట వెలసెను. అయితే దినములో కొలది గంటలు మాత్రమే తెరచియుండు అంగన్‌వాడి, ప్రొద్దుటనుండి సాయంకాలము వరకు మట్టి మోయు తల్లికి చాలదు. ఆ కొరతను ఎత్తిచూపు కార్యము మీరా మహదేవన్ వేసిన బాటలోనే సాగెను. 1996లో నిర్మాణ కార్మికుల కొరకు ప్రత్యేక చట్టము చేయబడి, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు నిర్మాణస్థలములలో ఆరేండ్ల లోపు బిడ్డలకు గదులుండవలెనని అందులో వ్రాయబడెను.

ఆమె ఆ దినమును చూడలేదు. 1970వ దశకము ముగియకమునుపే ఆమె కన్నుమూసెను. ఆమె చేతిలో ఆరంభమై ఆమె సజీవయైయుండగా నడచిన కాలము దశాబ్దమునకు మించదు. అయినను ఆ పని ఆమెతో కూడ సమాధి కాలేదు; ఏలయనగా ఆమె తానొక్కతెయే బిడ్డలనెత్తుకొనక, ఎత్తుకొనుట ఎరిగినవారిని సిద్ధపరచెను. ఢిల్లీ పెరిగి గురుగ్రామ్, నోయిడా వైపు భవనములు లేచినప్పుడు ఆ సంస్థ కూడ అక్కడికి నడచెను.

నేడు మిగిలిన పని

ఆరేండ్లలోపే మెదడు వికాసములో 85 శాతమునకు మించి జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రకటించెను. అంగన్‌వాడి కార్యకర్తలకు పోషణతో పాటు బోధనలోను శిక్షణ నిచ్చు కార్యక్రమము 2023లో ఢిల్లీలో ఆరంభింపబడెను. పుట్టినది మొదలు మూడేండ్ల వరకు బిడ్డలతో ఆడి, మాటలాడి పెంచు విధమును తెలుపు నవచేతన అను జాతీయ ప్రణాళిక 2024లో వెలువడెను. గుడారములో కూర్చున్న యువతులు దశాబ్దముల పూర్వము చేతులతో నేర్చినదానిని ఇప్పుడు ప్రభుత్వపత్రములు కూడ పలుకుచున్నవి.

పలుకుట సంతోషకరమే. అయితే బిడ్డలను పెంచు స్త్రీని ఉపాధ్యాయురాలుగా ఎంచి, తగిన శిక్షణయు, తగిన జీతమును, తగిన గౌరవమును ఇచ్చినప్పుడే ఆ పలుకు నెరవేరినట్లు. మన యూరిలో క్రొత్త భవనము లేచుచున్నప్పుడు అది ఎన్ని అంతస్తులని అడుగువారు అనేకులు. దానిని కట్టుచున్న తల్లుల బిడ్డలు ఆ గడియలో ఎక్కడనున్నారని అడుగువారు కొందరే. ఆ ప్రశ్న అడిగి, జవాబు దొరకు వరకు అచ్చట నిలిచియుండుటయే మీరా మహదేవన్ జీవితము.