యల్లాప్రగడ సుబ్బారావు

ఆహారము ప్రాణాధారము. శుచి లోపించినచో ఆ ఆహారమే ప్రాణములను హరించును. ఈ సత్యమును తన ఇంటనే చూచి, జీవితమంతయు రోగములతో పోరాడిన ఆంధ్రుడు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వేంకమ్మ. పేదరికము వలన చదువు పలుమారులు కుంటువడెను. మూడవ ప్రయత్నమునగాని అతడు మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణుడు కాలేదు. అయినను పట్టు విడువక, మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు దానికన్న తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందెను.

ఆ దినములలో స్ప్రూ అను ప్రేగుల వ్యాధి అతని సోదరులను ఇద్దరిని బలిగొనెను. ఈ వ్యాధిలో తిన్న అన్నము ఒంటబట్టదు; విరేచనములు కట్టవు; రక్తము క్షీణించును. కలుషితమైన అన్నపానముల వలన ప్రేగులలో చేరిన సూక్ష్మజీవులతో ఇది ఆరంభమగునని వైద్యుల అభిప్రాయము. సుబ్బారావు కూడ ఆ వ్యాధికి లోనై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. తన సోదరులను రక్షింపలేని వైద్యము అతనికి తృప్తినీయలేదు.

మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను అతడు అమెరికా చేరెను. రాత్రులు ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదివెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడయ్యెను.

ఆ బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి దీనికి పేరు వచ్చినది. ఆకుకూరలలో ఇది సమృద్ధిగా నుండును. అతని ఆధ్వర్యముననే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. తరువాతి కాలమున వైద్యులు స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లినును కలిపి ఇచ్చి స్వస్థత చేకూర్చిరి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రలును అతని పరిశోధనాలయము ప్రసాదించినవే.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావు అమెరికాలోనే మరణించెను. మాతృదేశమును మరల చూడలేదు.

ఔషధము రోగము వచ్చిన పిదప పనిచేయును. శుచి రోగమును రానీయదు. రక్తమునకు మేలుచేయు ఆకే, మురుగునీటిచే తడిసినను, పచ్చి పేడ సోకినను, కడుగని చేతులు తాకినను, రోగవాహకమగును. నాగావళి, వంశధారల ఒడ్డున పండిన కూరయైనను, పట్టణపు అంగడిలో కొన్న కూరయైనను ఇందుకు భేదము లేదు. వండిన కూరలోని సూక్ష్మజీవులు వేడికి నశించును. పచ్చిగా తిను దోసకాయ, ముల్లంగి, కొత్తిమీరలకు ఆ రక్షణ లేదు. వెచ్చని తావున కొన్ని సూక్ష్మజీవులు ఇరువది నిమిషములకు ఒకమారు రెట్టింపగును. ఆ లెక్కన ఒక్కటి ఏడు గంటలలో ఇరువది లక్షలు దాటును. అందుచేత ముందు చేతులను సబ్బుతోను, పిమ్మట కూరలను మంచినీటి ధారలోను కడుగవలెను. కడిగినను సూక్ష్మజీవులన్నియు తొలగిపోవు గనుక, కోసిన ముక్కలను నిలువయుంచక వెంటనే తినవలెను.

సోదరుల మరణముతో కలిగిన దుఃఖమును సుబ్బారావు లోకోపకారముగా మార్చెను. అట్టి దుఃఖము మరియొక ఇంట కలుగకుండ కాపాడుట మన చేతులలో నున్నది.